బుడమేరులో ఈ నెల ఎవరి నీళ్ళు?

2024 సెప్టెంబరు వరద తర్వాత విజయవాడలో బుడమేరు వాగు గురించి మాట్లాడుకోని ఇల్లు లేదు. ఎన్ని అడుగుల నీరు వచ్చింది, ఎన్నో మెట్టు దగ్గర ఆగింది, ఎవరి ఫ్రిజ్ ఏ గదిలోంచి ఏ గదిలోకి తేలుకుంటూ పోయింది అన్న లెక్కలు మా వైపు పెళ్ళి భోజనాల బంతిలో కూడా నడుస్తూనే ఉంటాయి. మా మెట్ల పక్క గోడకు రెండుసార్లు సున్నం వేయించినా పోని మట్టి చార ఒకటి నా నడుము ఎత్తున ఇప్పటికీ ఉంది. ఇన్ని మాటల మధ్య నాకు ఒక్క ప్రశ్న మాత్రం ఎక్కడా వినపడదు. ఆ నీరు ఎక్కడిది? ఎక్కడిదేమిటి, వాన నీరే కదా అంటారు. ఆ జవాబు తప్పు కాదు గాని, దానితో పని జరగదు. వాగులో పారే నీటికి ఏడాది పొడుగునా ఒకే పుట్టిల్లు ఉండదు, కార్తెలు మారినకొద్దీ ఆ పుట్టిల్లు మారుతూ ఉంటుంది, ఆ మార్పును పట్టించుకోకుండా వరద వచ్చిన నాలుగు రోజులు మాత్రమే వాగు వంక చూసే అలవాటు వల్లే మనకు ముందుగా తెలియవలసింది తెలియకుండా పోతోంది అని నేను నమ్ముతున్నాను. ముప్పై ఏళ్ళు బడిలో భౌతికశాస్త్రం చెప్పిన వాణ్ణే తప్ప ఇంజనీరును కాను కనుక, నా నమ్మకానికి కారణాలు కాస్త విడమరచి చెప్పవలసిన బాధ్యత నాకుంది.

ముందు వాగు దారి చెప్పాలి. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి వెలగలేరు రెగ్యులేటరు దగ్గరికి వస్తుంది. అక్కడి నుంచి దానికి రెండు దారులున్నాయి. మనం తవ్విన మళ్ళింపు కాలువలో పడితే ఇబ్రహీంపట్నం దగ్గర, ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణలో కలుస్తుంది. గేట్లు ఎత్తితే తన పాత దారిన విజయవాడ ఉత్తరపు పేటల మీదుగా వచ్చి, ఏలూరు కాలువ కింది నుంచి దూరి, కొల్లేరు చేరుతుంది. "బెజవాడ దుఃఖదాయని" అన్న పేరు దానికి ఈ పాత దారి వల్లే వచ్చింది. ఆ దారి మీద మనం ఇళ్ళు కట్టుకున్నాం, నాది కూడా అందులో ఒకటే, కనుక ఆక్రమణల గురించి ఇంకొకరికి నీతులు చెప్పే అర్హత నాకు లేదు.

నేల మీద పడిన వాన వాగులోకి మూడు దారుల్లో వస్తుంది. ఇంకకుండా నేల మీదనే జారి వచ్చేది పై నీరు. అది నిమిషాల్లో, గంటల్లో వాగు చేరుతుంది. పై మట్టిలోకి దిగి, కింద గట్టి పొర తగిలాక ఆ పొర వాలు వెంట పక్కకు నడిచి, గట్ల పక్కనుంచి కారేది జాలు నీరు. దానికి గంటలు, రోజులు పడతాయి. ఇంకా లోతుకు, శిథిలమై పొడి అయిన రాతి పొరలోకీ రాతి పగుళ్ళలోకీ దిగి, నెలల తర్వాతో ఏళ్ళ తర్వాతో వాగు అడుగు నుంచి పైకి వచ్చేది ఊట నీరు. పుస్తకాల్లో వీటికి పెద్ద పేర్లున్నా, మా చుట్టుపక్కల రైతులు వాడే ఈ మాటలతోనే పని సజావుగా జరుగుతుంది. ఏ నెలలో ఈ మూడింటిలో ఏది ఎంత అన్నదే ఇక్కడి లెక్క.

మన ప్రాంతంలో ఏడాదికి పడే వాన సుమారు 1,000 మిల్లీమీటర్లు. అందులో దాదాపు మూడింట రెండు వంతులు జూన్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చే నైరుతిది. మిగిలిన దానిలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యం వల్ల, తుపానుల వల్ల పడుతుంది. అంటే మన వాగులకు జీతం ఏడు నెలలే, ఖర్చు మాత్రం పన్నెండు నెలలు.

రోళ్ళు పగిలే రోహిణి తర్వాత నేల ఎలా ఉంటుందో చూడండి. గుంటూరు వైపైనా నందిగామ వైపైనా నల్లరేగడి చేలో మోచేతి దాకా చెయ్యి దిగే నెర్రెలు పడి ఉంటాయి. మృగశిరలో పడే తొలి వాన నేల మీద పారే అవకాశం లేకుండా నేరుగా ఆ నెర్రెల్లోకి కారిపోతుంది. మైలవరం వైపు ఎర్ర నేలల్లో నెర్రెలు ఉండవు గాని, వాగు అడుగున ఇసుక ఉంటుంది, దాని కింద వేసవంతా బోర్లు లాగేసిన ఖాళీ ఉంటుంది. నాలుగేళ్ళ కిందట ఒక మృగశిర సాయంత్రం ఆ ఎగువ పల్లెల్లో ఒకదాని దగ్గర, బుడమేరులో కలిసే ఒక చిన్న వాగు మీద ఉన్న చప్టా పైన వాన తగ్గేదాకా ఆగవలసి వచ్చింది. గంట సేపు కుండపోతగా కురిసింది. చూస్తుండగా ఎగువ నుంచి నీరు వచ్చింది. ముందు నురుగు, నురుగులో టేకాకులు, మేక పెంటికలు, గుట్కా పొట్లాల కాగితాలు, వెనక ఎర్రగా చిక్కటి నీరు, పాకే పాము తలలాగా ఇసుక మీద ముందుకు జరుగుతూ వచ్చింది. చప్టా కింది నుంచి దూరి కొంత దూరం వెళ్ళి, నా కళ్ళ ముందే సన్నబడి, ఒక మలుపు దగ్గర ఇసుకలో ఆగిపోయింది. పక్కనే గొడుగు కింద నిలబడ్డ రైతును, వయసులో నాకంటే పెద్దాయన, "ఇంత వానకి ఇంతేనా అండీ నీళ్ళు?" అని అడిగాను.

"ఇసకే తాగేసిందండి మాస్టారూ. దాని దప్పిక తీరాలి గదా," అన్నాడాయన. "శ్రావణంలో రండి. ఇదే వాన పడితే ఈ చప్టా దాటలేరు."

ఇదే వాన అన్న ఆ మాటను నేను నాలుగేళ్ళుగా నమిలి చూస్తున్నాను. వాన అదే, వాగు అదే, కొండ అదే. మారేది నేల కడుపు ఒక్కటే. జూన్ నెలలో వాగు నేలకు నీరు ఇచ్చుకుంటుంది, నేల నుంచి దానికి రాబడి ఏమీ ఉండదు. అప్పుడు వాగులో కనిపించేదంతా పై నీరే; బండల మీద, తారు రోడ్ల మీద, డాబాల మీద పడి జారినది. అందుకే తొలి వాన నీటిలో మట్టి కంటే చెత్త ఎక్కువ.

ఆరుద్ర, పునర్వసు, పుష్యమి కార్తెల్లో ముసురు పట్టి నేల నానుతున్నకొద్దీ కథ నెమ్మదిగా తిరుగుతుంది. దీన్ని చూడడానికి నేను పెద్ద పరికరాలేవీ కొనలేదు. ఇంటింటికీ వచ్చి నీళ్ళ ఫిల్టర్లు అమ్మే కుర్రాళ్ళు మన కుళాయి నీళ్ళలో ముంచి మనల్ని బెదిరించే పెన్ను లాంటి టీడీఎస్ మీటరు ఒకటి ఉంటుంది కదా, అదే నా ప్రయోగశాల. వాన నీటిలో లవణాలు చాలా తక్కువ కనుక మీటరులో చిన్న అంకె కనిపిస్తుంది. నేలలో, రాతిలో నెలల తరబడి ఉన్న నీటిలో సున్నమూ ఉప్పులూ కరిగి ఉంటాయి కనుక అంకె పెద్దదిగా ఉంటుంది. వాగు నీటి అంకె ఈ రెండింటి మధ్య ఎటు మొగ్గితే నీరు అటువైపుది అని మోటుగా అనుకోవచ్చు. మోటుగా అని ఎందుకంటున్నానంటే, తొలి వాన కడిగిన రోడ్ల మురికి కూడా అంకెను పెంచుతుంది, మురుగు కలిస్తే అసలే పెరుగుతుంది. అందుకని పెద్ద ఊళ్ళు లేని ఎగువ భాగంలోనే, అదే చప్టా దగ్గర, వీలైనప్పుడల్లా ముంచి చూశాను.

నేను ఎదురుచూసింది ఒకటి, కనిపించింది ఒకటి. నేల బాగా నానిన ఒక పుష్యమి రోజున ఒక మోస్తరు వాన పడి, వాగు చీలమండ లోతు నుంచి మోకాలి లోతుకు పెరిగింది. పెరిగిన నీరంతా అప్పుడే కురిసిన వాన నీరైతే మీటరు అంకె దబ్బున పడిపోవాలి. అది కొద్దిగానే తగ్గింది. అంటే మోకాలి లోతున పారుతున్న నీటిలో అధిక భాగం ఆ రోజు వానది కాదు. నేలలో ముందునుంచీ ఉన్న పాత నీరు. కొత్త వాన పాత నీటిని బయటికి నెట్టి, దాని చోట తాను కూర్చుంది. మన ఇళ్ళలో కాఫీ ఫిల్టరు ఇదే చేస్తుంది. ఒకసారి మరిగిన నీళ్ళు పోసి పొడి బాగా నానాక, రెండోసారి నీళ్ళు పోసిన వెంటనే కింద గిన్నెలోకి చుక్కలు వేగంగా పడతాయి. ఆ పడే చుక్కలు ఇప్పుడు పోసిన నీళ్ళవి కావు. పొడిలో పట్టుకుని ఉన్న చిక్కటి పాత డికాక్షనే ముందు దిగుతుంది, పలచటి నీళ్ళు ఆ తర్వాతే.

ఇది నా సొంత తెలివి కాదు. 1933లో అమెరికాలో రాబర్ట్ హార్టన్ అనే శాస్త్రవేత్త, నేల ఇంకించుకోగలిగిన వేగాన్ని మించి వాన కురిస్తే మిగిలినది పైన పారి వరద అవుతుందని సిద్ధాంతం చెప్పాడు, చాలా కాలం వరదంటే అదే అనుకున్నారు. 1970ల్లో కెనడాలోనూ మరికొన్ని చోట్లా ఆక్సిజన్ సాయంతో నీటి వయసు వెతికారు. నీటి అణువులు సుమారు ఐదువందలకు ఒకదానిలో మామూలు ఆక్సిజన్ బదులు బరువైన ఆక్సిజన్-18 ఉంటుంది. ఈ నిష్పత్తి ఒక్కో వానకు ఒక్కో రకంగా ఉంటుంది, నేలలో చేరాక పాతవన్నీ కలిసి సగటుకు వస్తుంది. వరద నీటిని పట్టి ఈ నిష్పత్తి చూస్తే కొత్త వాన ఎంత, పాత నీరు ఎంత అన్నది విడదీయవచ్చు. అడవి ఉన్న చిన్న చిన్న పరీవాహకాల్లో వరద పోటులో కూడా సగానికి పైగా పాత నీరే ఉండడం చూసి వాళ్ళే ఆశ్చర్యపోయారు. నెలల తరబడి కదలక ఉన్న నీరు గంటల్లో ఎలా బయటపడుతుందన్నది ఇప్పటికీ జలశాస్త్రజ్ఞులకు చర్చనీయాంశమే.

అయితే దీన్ని తెచ్చి బుడమేరుకు యథాతథంగా అంటించడం నాకు ఇష్టం లేదు. ఆ అడవులు చల్లటి దేశాలవి, వాటి నేలలు ఆకు కుళ్ళుతో దూదిలా మెత్తగా ఉంటాయి, వాన సన్నగా ఎక్కువ సేపు కురుస్తుంది. మనకు కురిస్తే గంటలో కొండలు కడిగేట్టు కురుస్తుంది. పైగా నల్లరేగడి ఒకసారి తడిసి ఉబ్బి నెర్రెలు పూడుకున్నాక, గంటకు ఒకటి రెండు మిల్లీమీటర్ల నీరు తాగడం కూడా కష్టం. జూన్‌లో జల్లెడలా ఉన్న అదే చేను ఆగస్టులో సిమెంటు గచ్చులా ప్రవర్తిస్తుంది. కాబట్టి హార్టన్ చెప్పింది మన రేగడి చేలకు, పట్నపు వీధులకు బాగా వర్తిస్తుంది. పాత నీటి కథ మైలవరం వైపు చెట్లున్న ఎర్ర వాలులకు వర్తిస్తుంది. బుడమేరు ఈ రెండు రకాల నేలల మీదుగా వచ్చే వాగు. ఏదో ఒక్క సూత్రంతో దాన్ని లెక్కగట్టాలని చూసేవాళ్ళు అందుకే పొరబడతారు.

శ్రావణం దాటి మఖ కార్తె వచ్చేసరికి ఇంకో సంగతి జరుగుతుంది. వాగుకు నీరిచ్చే నేల విస్తీర్ణమే పెరుగుతుంది. వేసవి చివర వాగు అంటే ఆ రెండు గట్ల మధ్య ఇసుక మాత్రమే. ముసుళ్ళు పట్టాక గట్ల పక్కన పల్లపు చేలలో ఊట పైకి వచ్చి, అడుగు వేస్తే మడమ దిగబడేలా జౌకు పడుతుంది. నాట్లు వేసిన పొలంలో గట్టు పక్కన కూర్చుని చూస్తే, ఎండ్రకాయ బొరియల్లోంచి నీరు సన్న దారంగా పక్క మడిలోకి, అక్కడి నుంచి బోదెలోకి కారడం కనిపిస్తుంది. వాన లేని రోజున కూడా అది ఆగదు. అలా నిండిపోయిన నేల మీద ఇక ఎంత చిన్న జల్లు పడినా ఇంకడానికి చోటు లేదు, పడిన చుక్క పడినట్టే వాగుపాలు. ఈ జౌకు నేల ముందు గట్టు పక్కన రెండు గజాలు, తర్వాత ఇరవై, తర్వాత రెండు చేలు, ఆపైన కొండ మొదలు దాకా పాకుతుంది. ఒక ఎకరం మీద 25 మిల్లీమీటర్ల వాన అంటే సుమారు లక్ష లీటర్ల నీరు. జౌకు పది ఎకరాలు ఉన్నప్పుడూ వెయ్యి ఎకరాలు ఉన్నప్పుడూ అదే 25 మిల్లీమీటర్లు వాగులోకి తెచ్చే నీరు ఒకటేలా ఎలా ఉంటుంది?

2024లో మఖ పోయి పుబ్బ వచ్చే సంధిలో, ఆగస్టు ఆఖరున, ఆ పెద్ద వాన పడింది. మఖలో పుట్టి పుబ్బలో మాడినట్టు అని మన సామెత. ఆ నీరు మాత్రం మఖలో పుట్టి పుబ్బలో మా ఇళ్ళల్లో కాపురం పెట్టింది. ఆ వానకు ముందే నేల నిండి ఉంది. ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగిపడి మనుషులు చనిపోవడం అందరికీ గుర్తుండే ఉంటుంది. కొండ వాలులో మట్టికీ రాతికీ మధ్య చేరిన నీరు మట్టిని రాతి నుంచి విడదీసి పైకెత్తితే తప్ప అలాంటి చరియ సాధారణంగా జారదు. అంటే నగరం నడిబొడ్డున కొండలు సైతం లోలోపల నిండి ఉన్నాయి. సరిగ్గా ఆ సమయంలో ఎగువ నుంచి వచ్చిన వరదకు బుడమేరు మళ్ళింపు కాలువ కట్టలకు గండ్లు పడ్డాయి, సింగ్ నగర్ పరిసరాలు మునిగాయి. ఇటు కృష్ణలో చూస్తే సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. నది నిండుగా ఉన్నప్పుడు మళ్ళింపు కాలువ నీరు నదిలోకి సులువుగా దిగదు. మా వీధిలో ఆ మూడు రోజులు నిలబడ్డ నీటిలో కొండల వాన ఉంది, చేల పాత నీరు ఉంది, నదిలోకి దిగలేక ఆగిన నీరు ఉంది, మా సొంత మురుగు కూడా ఉంది. వాసన బట్టి చెప్పగలిగింది చివరిదొక్కటే.

వాన వస్తుందన్న హెచ్చరిక మనకు అందుతోంది. వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో చెబుతోంది, ఫోన్లు మోగుతున్నాయి. ఆ హెచ్చరిక ఆకాశం సంగతి చెబుతుంది, నేల సంగతి దానిలో ఉండదు. జూన్‌లో పది సెంటీమీటర్ల వాన పడితే చప్టా కింది ఇసుక తాగేస్తుంది; ఆగస్టు ఆఖరున అదే పది సెంటీమీటర్లు ఊళ్ళను ముంచుతుంది. రెండు రోజులకూ ఒకే రంగు హెచ్చరిక వస్తే, జూన్‌లో ఏమీ జరగకపోవడం చూసిన జనం ఆగస్టులో కూడా మంచం మీదనుంచి లేవరు. నేను లేవలేదు.

నేల కడుపు ఎంత నిండిందో తెలుసుకోవడానికి ఉపగ్రహాలూ, మట్టిలో పాతే పరికరాలూ ఉన్నాయి, ఉండాలి కూడా. వాటికంటే చవకైన కొలబద్ద ఒకటి మన కళ్ళ ముందే ఉంది. వాన పడని రోజున వాగులో నీరు ఎంత ఎత్తున పారుతోంది అన్నదే ఆ కొలబద్ద. నాలుగు రోజులుగా చుక్క లేదు, అయినా వాగు మోకాలి లోతున తేటగా పారుతోందంటే ఆ నీరంతా జాలు, ఊట. అంటే నేల నిండి పొంగుతోంది, ఇక మీద పడేదంతా వరదే. నాలుగు రోజులు వాన లేకపోతే వాగు ఇసుక తేలిందంటే ఇంకా నేలలో చోటుంది. పెద్ద వానకు ముందు రోజు వాగు మట్టం తెలిస్తే రాబోయే వరద సగం తెలిసినట్టే. ఇది కొత్త విద్య కాదు, వరద అంచనా కట్టేవాళ్ళు లోకమంతటా వాడే కొలమానాల్లో ఒకటి.

ఈ ఆశతోనే ఒక కార్యాలయానికి వెళ్ళి, ఎగువ వాగుల్లో వానలేని రోజుల మట్టాలు గత కొన్నేళ్ళవి చూడవచ్చా అని అడిగాను. అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడు, కుర్చీ వేయించి టీ కూడా తెప్పించాడు. రిజిస్టరు తెరిచి చూపించాడు. జూలైలో రెండు పేజీలు, సెప్టెంబరులో నాలుగు, అక్టోబరు తుపాను నాడు ఒకటి. మధ్యలో తేదీలే లేవు. "వరద లేనప్పుడు రాయడానికి ఏముంటుందండీ, మాస్టారూ?" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను, ఆయనకు చెప్పిన పని అంతే. పిల్లవాడికి జ్వరం వచ్చిన రోజునే థర్మామీటరు పెట్టి, మామూలు రోజున ఎంత ఉంటుందో ఎన్నడూ చూడని ఇల్లు నాకు గుర్తొచ్చింది.

నైరుతి వెళ్ళాక వచ్చే ఈశాన్యపు నెలల గురించి మనం ఇంకా తక్కువ మాట్లాడుకుంటాం. "ఉత్తర చూసి ఎత్తర గంప" అంటారు, ఉత్తర కార్తెలో వాన లేకపోతే ఊరు వదలడమే అని. ఉత్తర తర్వాత కూడా మనకు వానలున్నాయి, స్వాతి, విశాఖ కార్తెల్లో వాయుగుండాలున్నాయి. జూన్ వానకు, నవంబరు వానకు తేడా ఏమిటంటే, నవంబరులో ఎండ పలచన, పొద్దు చిన్నది, కోతకొచ్చిన వరి తాగేది తక్కువ. అందుకని ఆ వానలో ఎక్కువ వాటా ఆవిరైపోకుండా లోతుకు దిగుతుంది. అక్టోబరు, నవంబరుల్లో నేల వాగుకు పాత బాకీ తీర్చడం మొదలుపెడుతుంది. వాన లేని రోజున కూడా ఎగువ వాగులు తేటగా, చల్లగా పారతాయి, మీటరు అంకె ఏడాదిలోకెల్లా స్థిరంగా ఉంటుంది. మా అమ్మమ్మగారి ఊరి వాగు నా చిన్నతనంలో సంక్రాంతి గొబ్బెమ్మల నాటికి కూడా పారేది. ఆగాక కూడా ఇసుకలో చెలమ తీస్తే జానెడు లోతున నీళ్ళు పడేవి, ఆ నీళ్ళతోనే అమ్మమ్మ పప్పు ఉడికించేది. ఇప్పుడు కార్తీకం దాటితే ఇసుక తేలుతోంది, ఆ ఇసుక కూడా ట్రాక్టర్లెక్కి పోయింది. వానలు తగ్గాయి అంటారు ఊళ్ళో. నేను మాత్రం బోర్లను చూస్తాను. ఆ కొండలు గట్టి రాతి కొండలు, వాటి పైన పొడి రాతి పొర పలచన, దాచుకోగలిగిన నీరే కొద్ది. ఆ కొద్దిని మనం వాగు చేరకముందే లాగేస్తే వాగుకు రావలసిన బాకీ దారిలోనే మాయమవుతుంది.

పట్నం దగ్గరికి వస్తే ఈ లెక్కలు మరీ చిక్కుపడతాయి, కొంచెం హాస్యంగా కూడా ఉంటాయి. పట్టిసీమ ఎత్తిపోతలు వచ్చాక, ఎగువ కృష్ణలో నీరు రాని జూలై నెలలో గోదావరి నీరు పోలవరం కుడి కాలువ వెంట వచ్చి, బుడమేరు మళ్ళింపు కాలువ మీదుగానే కృష్ణలో కలుస్తుంది. కృష్ణా కాలువ అని పేరున్న కాలువలో గోదావరి నీరు బందరు దాకా పారుతుంది. మేము రేవులో మునిగి కృష్ణమ్మకు దణ్ణం పెడతాం. సెప్టెంబరులో అదే రేవులో పడమటి కనుమల వాన ఉంటుంది. కాలువలు వదిలినన్నాళ్ళూ వాటి గట్ల నుంచి ఊరే నీరు, పంట చేల నుంచి దిగే మురుగు నీరు పల్లపు వాగుల్లో చేరుతూ ఉంటాయి, కాలువలు కట్టేశాక అవీ ఆగుతాయి. కాలువల తలుపులు మూసినా తెరిచినా మారని నీరు ఒకటే, అది మన ఇళ్ళనుంచి వచ్చేది.

ఫిబ్రవరి తర్వాత నగరం లోపలి బుడమేరును చూసినవాళ్ళు ఇక్కడ ఏ నీరు అని అడగనక్కరలేదు. పై నీరు లేదు, జాలు లేదు, ఊట ఎప్పుడో కిందికి దిగింది. వంటిల్లు, స్నానాల గది, మరుగుదొడ్డి కలిపి మూడున్నర నెలల పాటు ఆ వాగుకు నడక నేర్పుతాయి. పొద్దున్నే ఏడు గంటల నుంచి పది దాకా ప్రవాహం కాస్త పెరుగుతుంది, మధ్యాహ్నం తగ్గుతుంది. వాగుకు కార్తెలు పోయి మన స్నానాల వేళలు మిగిలాయి. అదంతా చేరేది కొల్లేరుకు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు అది. వానాకాలపు బుడమేరు దానికి ప్రాణం, వేసవి బుడమేరు దానికి విషం. రెండూ ఒకే పేరుతో ఒకే కాగితం మీద ఉంటే, ఏడాది సగటు తీసి నీరు ఫరవాలేదని రాసే ప్రమాదం ఉంది.

నా వాదనకు ఎదురు వాదన కూడా ఉంది, అది బలమైనదే. మళ్ళింపు కాలువను వెడల్పు చేసి, కట్టలు గట్టిగా పోసి, పాత దారిలో అడ్డాలు తీసేస్తే నీరు ఎక్కడిదైతేనేం, పోవలసిన చోటికి పోతుంది కదా అని మా బావమరిది అంటాడు. ఆయన కాంట్రాక్టు పనులు చేసిన మనిషి. వెడల్పు చేయవద్దని నేను అనను, చేయాలి, త్వరగా చేయాలి. అయితే కాలువ ఎంత వెడల్పు ఉండాలన్న అంకె ఎక్కడ నుంచి వస్తుంది? ఇన్ని సెంటీమీటర్ల వానకు ఇన్ని క్యూసెక్కులు అన్న లెక్క నుంచే వస్తుంది. ఆ లెక్కలో నేల ఎంత తడిసి ఉందన్న ఊహ ఒకటి దాగి ఉంటుంది, ఆ ఊహకు ఆధారం మళ్ళీ వానలేని రోజుల రిజిస్టరే. ఇంకొకటి. ఎగువన చెరువులు పూడి, వాలుల మీద చెట్లు పోయి, పల్లపు చేలు ప్లాట్లుగా మారినకొద్దీ జాలుగా నాలుగు రోజుల్లో రావలసిన నీరు పై నీరుగా నాలుగు గంటల్లో వస్తుంది. వాన పెరగకుండానే వరద పెరుగుతుంది. అప్పుడు ఇవాళ కట్టిన వెడల్పు పదేళ్ళకు చాలదు. బావమరిది దీనికి జవాబు చెప్పలేదు గాని ఒప్పుకోనూ లేదు.

నేను కోరేది పెద్ద ఖర్చు పని కాదు. వెలగలేరుకు ఎగువన నాలుగైదు చప్టాల స్తంభాల మీద అడుగులు, అంగుళాల గీతలు గీసి, ఏడాదిలో 365 రోజులూ పొద్దున్నే ఒక మనిషి చూసి రాయాలి. వాన హెచ్చరిక వచ్చినప్పుడు ఆ రంగు పక్కన, నిన్నటి వాగు మట్టం కూడా ప్రజలకు చెప్పాలి. వారానికొకసారి ఆ నీటిలో ఒక మీటరు ముంచితే అది ఎవరి నీరో కూడా కొంత తెలుస్తుంది. ఈ పని బడి పిల్లలు కూడా చేయగలరు.

ప్రభుత్వం చేసేదాకా ఆగకుండా నిరుడు సంక్రాంతి సెలవుల్లో ఆ చప్టా స్తంభానికి నేనే ఎర్ర పెయింటుతో ఆరు గీతలు గీసి వచ్చాను. వంకరగా వచ్చాయి, పెయింటు చొక్కాకు కూడా అంటింది. గొడుగు కింద కనిపించిన ఆ పెద్దాయనే పొద్దున గేదెలను తోలుకెళ్ళేటప్పుడు చూసి, వారానికి రెండు సార్లు ఫోన్ చేసి చెబుతాడు. వేసవంతా ఆయన చెప్పింది ఒకటే మాట, ఇసుక. పునర్వసులో ఒకటో గీత అన్నాడు. పుష్యమి చివర వాన పడ్డ మర్నాడు నాలుగు దాకా వచ్చి, రెండు రోజుల్లో రెండుకు దిగిందన్నాడు. ఇప్పుడు ఆశ్లేష నడుస్తోంది. ఆ వైపు వాన పడి తొమ్మిది రోజులైంది, ఇక్కడ విజయవాడలో ఎండ చురుక్కుమంటోంది, ఫోన్‌లో ఏ రంగు హెచ్చరికా లేదు. ఇవాళ పొద్దున ఆయన ఫోన్ చేశాడు.

"రెండో గీతేనండి మాస్టారూ. తొమ్మిది రోజులైంది, అస్సలు దిగట్లేదు. నీళ్ళు మాత్రం అద్దంలా ఉన్నాయండి."